ఎండ కాసే నేల మీద మంచు బరి

2020 జనవరి 1, డాలస్‌లోని కాటన్ బౌల్ స్టేడియం. ఆట మొదలై మూడు నిమిషాలు కూడా కాలేదు. ప్రత్యర్థి తలకు మోచెయ్యి తగిలించినందుకు డాలస్ స్టార్స్ ఆటగాడు కోరీ పెర్రీని రిఫరీలు బయటికి పంపేశారు. మామూలు ఐస్ హాకీ స్టేడియంలో అయితే అలా బయటపడ్డ ఆటగాడు నాలుగడుగులు వేసి తలుపు చాటుకు వెళ్లిపోతాడు. ఇక్కడ ఆ తలుపు దగ్గర్లో లేదు. మంచు బరి, అంటే రింక్, ఉన్నది ఫుట్‌బాల్ మైదానం నడిమధ్యన. డ్రెస్సింగ్ రూమ్‌కు పోవాలంటే మైదానం దాటి, సొరంగంలాంటి దారిలో వాలు ఎక్కాలి. కాళ్లకు స్కేట్లతో, ఒంటినిండా కవచాలతో, 85,630 మంది చూస్తుండగా పెర్రీ ఆ దారంతా నడిచాడు. టీవీ కెమెరా చివరిదాకా అతని వెంటే ఉంది. ఆ మ్యాచ్‌లో డాలస్ మొదట రెండు గోల్స్ వెనకబడి, తర్వాత వరసగా నాలుగు కొట్టి నాష్‌విల్ ప్రెడేటర్స్‌ను 4-2తో ఓడించింది. అయినా చూసినవాళ్లలో ఎక్కువమందికి గుర్తుండిపోయింది ఆ నడకే.

కాటన్ బౌల్‌ను ఐస్ హాకీ కోసం కట్టలేదు. 1930లో తెరిచిన ఆ స్టేడియం అమెరికన్ ఫుట్‌బాల్‌కు పెట్టింది పేరు. ఏటా శరదృతువులో దాని చుట్టూ టెక్సస్ రాష్ట్ర జాతర జరుగుతుంది. మంచు ఊసే పెద్దగా ఎరగని ఆ నేల మీద ఒకే ఒక్క రోజు ఆట కోసం రింక్ పేర్చారు, ఆడారు, మళ్లీ విప్పి పట్టుకుపోయారు.

తిరుపతిలో కూర్చుని దీని గురించి ఎందుకు చదవాలని అడిగేవాళ్లకు ముందుగా ఒక మాట. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ అన్న పేర్లు తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఇప్పుడు కొత్తవి కావు. కొడుకునో కూతురినో చూడ్డానికి డాలస్ వెళ్లిన అమ్మానాన్నలు ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి వెళ్లకుండా తిరిగిరారు. డాలస్ స్టార్స్ జట్టు ప్రధాన కార్యాలయం, సాధన చేసే రింక్ ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. మన మనవళ్లు, మనవరాళ్లు పెరుగుతున్న ఊళ్ల ఆట అది. ఇంకో కారణం కూడా ఉంది. వాడుకలేక తాళాలు పడ్డ క్రీడా భవనాలు మన దేశంలో తక్కువేమీ కాదు. వేరే పనికి కట్టిన చోట, తనకు పొసగని వాతావరణంలో ఒక ఆట ఎలా నిలబడుతుందో, ఎక్కడ బోల్తా పడుతుందో తెలుసుకుంటే మనకే పనికొస్తుంది.

పచ్చిక మీద మంచు ఎలా పుడుతుంది

ఐస్ హాకీ రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. స్టేడియం బయట 53 అడుగుల పొడవున్న ట్రక్కు ఒకటి వచ్చి ఆగుతుంది. అందులో ఉండేది శీతలీకరణ యంత్రం, సామర్థ్యం 300 టన్నులు. ఎండాకాలం వస్తే మనం షాపుకు వెళ్లి ఒకటిన్నర టన్ను ఏసీ అడుగుతామే, అలాంటివి 200 కలిపితే ఈ ఒక్క ట్రక్కు. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) దీన్ని తయారు చేయించుకుని, 2010 జనవరిలో బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ అనే బేస్‌బాల్ మైదానంలో మొదటిసారి వాడింది.

ముందు గడ్డి నలగకుండా మైదానం మీద చదునైన పలకలు పరుస్తారు. వాటి మీద అల్యూమినియం పళ్లేలు వరసగా అమరుస్తారు. ట్రక్కు నుంచి గొట్టాల గుండా గ్లైకాల్ అనే చల్లటి ద్రవం ఆ పళ్లేల్లోకి వచ్చి, వేడిని మోసుకుని తిరిగి ట్రక్కుకు పోతుంది. ఇక నీళ్లు పట్టాలి. ఒక్కసారిగా పోస్తే పనికిరాదు. చేత్తో పట్టుకున్న గొట్టంతో పొగమంచులా చిమ్ముతూ, ఒక పొర గడ్డకట్టాక దాని మీద ఇంకో పొర. అలా సుమారు 75,000 లీటర్ల నీళ్లతో రెండు అంగుళాల మందం తేవాలి. మధ్యలో తెల్ల రంగు వేస్తారు. ఆ తెలుపు పక్ అనే నల్ల రబ్బరు బిళ్ల కనపడటానికే అనుకుంటాం, కానీ ఆరుబయట దానికి ఇంకో పని ఉంది. రంగు లేని మంచు గుండా ఎండ కిందికి దిగి లోపలి నుంచి కరిగిస్తుంది. తెలుపు ఆ ఎండను వెనక్కి కొడుతుంది. ఆట జరిగేటప్పుడు మంచు పైపొర సున్నాకు ఐదారు డిగ్రీల దిగువన ఉండాలి. అంతకన్నా వేడెక్కితే మెత్తబడి స్కేటు దిగబడుతుంది, మరీ చల్లబడితే పెళుసెక్కి పెచ్చులు లేస్తుంది.

ఇదంతా మనకు అందని విద్యేమీ కాదు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు తయారయ్యేది ఈ సూత్రంతోనే. అక్కడ నీళ్లు నింపిన డబ్బాలను సున్నా కంటే చల్లగా ఉన్న ఉప్పునీటి తొట్టిలో ముంచుతారు. అమ్మోనియా కంప్రెసర్ ఆ ఉప్పునీటి వేడిని లాగేస్తుంది. డబ్బాను పరిచి పళ్లెం చేసి, ఉప్పునీటి బదులు గ్లైకాల్ పంపితే ఐసు ఫ్యాక్టరీయే రింక్ అవుతుంది. చిత్తూరు చుట్టుపక్కల పాల శీతలీకరణ కేంద్రాల్లో, మామిడి గుజ్జు నిలవచేసే కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్ శబ్దాన్ని బట్టే లోపల ఏం జరుగుతోందో చెప్పగల మెకానిక్‌లు ఉన్నారు. రింకుకు కావలసిన పనితనం అదే.

అంతకు మించిన చలి కూడా మన జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేటతోపాటు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అక్కడి సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రంలో రాకెట్ క్రయోజెనిక్ దశలో నింపే ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంటుంది. పులికాట్ ఒడ్డున, ఉక్కపోతలో, ఆ చలిని ఏళ్లుగా కాపాడుతున్నారు. కాబట్టి ఎండ దేశంలో మంచు నిలవదన్న మాట ఒప్పుకోలేం. నిలుస్తుంది. ఎంత ఖర్చుతో, ఎన్నాళ్లు, ఎవరి కోసం అన్నవే అసలు ప్రశ్నలు.

మిడతలు, ఎండ, కొలతలు

వేడి నేల మీద మంచు పరచాలన్న కోరిక పాతదే. 1991 సెప్టెంబర్ 27న లాస్ వేగాస్‌లో సీజర్స్ ప్యాలెస్ కేసినో వెనక పార్కింగ్ స్థలంలో లాస్ ఏంజెలిస్ కింగ్స్, న్యూయార్క్ రేంజర్స్ జట్లు సన్నాహక మ్యాచ్ ఆడాయి. ఎడారి, పైగా సెప్టెంబర్. ఆట మొదలయ్యే సరికి దాదాపు 29 డిగ్రీలు. ఎండ పడకుండా కప్పిన పట్టా పగలే కుంగి మంచుకు తగిలి, కొంత కరిగించింది. సాయంత్రానికి ఎలాగో సరిచేశారు. లైట్లు వేయగానే ఎక్కడినుంచో మిడతలు వచ్చి రింక్ మీద వాలాయి. ఆటగాళ్లు వాటి మధ్యే స్కేటింగ్ చేశారు. దిగ్గజ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ ఉన్న కింగ్స్ 5-2తో గెలిచింది. ఇప్పుడు వినడానికి వింతగా ఉంటుంది గాని ఆ రాత్రి 13,000 మంది టిక్కెట్టు కొని చూశారు. వేగాస్‌కు సొంతంగా ఎన్‌హెచ్‌ఎల్ జట్టు రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 2023లో ఆ జట్టే లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది.

ఎండ సంగతి సరిగ్గా తెలిసొచ్చింది 2021 ఫిబ్రవరి 20న, లేక్ తాహో ఒడ్డున. గోల్ఫ్ మైదానంలో రింక్ కట్టారు. వెనక సరస్సు, దాని వెనక మంచు కొండలు. గాలి చల్లగానే ఉంది. కానీ ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. మిట్టమధ్యాహ్నం మొదలైన ఆటలో మొదటి భాగం పూర్తయ్యేసరికి మంచులో గుంటలు పడ్డాయి, ఆటగాళ్లు తూలి పడిపోతున్నారు. ఆపక తప్పలేదు. సూర్యుడు దిగాక, రాత్రి తొమ్మిదికి మిగతా ఆట ఆడించారు. కొలరాడో జట్టు 3-2తో గెలిచింది. మంచుకు గాలిలో వేడి కన్నా నేరుగా పడే ఎండే పెద్ద శత్రువని అందరికీ అర్థమైన రోజది. మన ఊళ్లో డాబా మీద వడియాలు పెట్టే అమ్మమ్మలు ఏనాడో గమనించిన విషయమే.

లాస్ ఏంజెలిస్‌లోని డాడ్జర్ స్టేడియం అంతకు ఏడేళ్ల ముందే దీన్ని లెక్కలోకి తీసుకుంది. అదీ బేస్‌బాల్ మైదానమే. 2014 జనవరి 25 మ్యాచ్ కోసం పగలంతా రింక్‌ను ఎండ ఆపే దుప్పట్లతో కప్పి ఉంచి, రాత్రిళ్లు మాత్రమే నీళ్లు చిమ్మి మంచు పెంచారు. ఆట కూడా రాత్రే పెట్టారు. మొదలయ్యేటప్పుడు 17 డిగ్రీలు ఉన్నా మంచు చెక్కుచెదరలేదు. 54,099 మంది చూశారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో తిరుపతిలో ఉండేది ఇంచుమించు ఇరవై డిగ్రీలే కదా! అంకెల్లో మనకూ కాలిఫోర్నియాకూ తేడా అనుకున్నంత లేదు. తేడా ఉన్నది గాలిలోని తేమలో. తేమ గాలి చల్లని మంచును తాకితే పైన నీటి పొర, పొగ కమ్ముకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు వెళ్లీ వెళ్లని రోజుల్లో మన గాలి తడితడిగానే ఉంటుంది.

ఫ్లోరిడాలో ఆ తేమతోనే తలపడ్డారు. 2026 జనవరి 2న మయామీలో బేస్‌బాల్ స్టేడియంలో మ్యాచ్ పెట్టారు. దానికి తెరుచుకుని మూసుకునే పైకప్పు ఉంది. మంచు తయారయ్యే రోజుల్లో మూసి, ఆటకు ముందు తెరిచారు. నెల తిరక్కుండా ఫిబ్రవరి 1న టాంపాలో కప్పే లేని ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడాల్సి వచ్చింది. అక్కడ రింక్ మీద తాత్కాలిక గుడారం వేసి, లోపల చల్లబరిచి మంచు తయారు చేసి, ఆటకు ముందు గుడారం విప్పేశారు.

టాంపా పేరు వచ్చింది గనక ఆ జట్టు పుట్టుక చెప్పకుండా ఉండలేను, నాకు ఈ కథల్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 1992లో టాంపా బే లైట్నింగ్ జట్టు మొదలైనప్పుడు ఆడటానికి చోటు లేదు. ఎగ్జిబిషన్ మైదానంలో ఉన్న ఎక్స్‌పో హాల్లో, 10,425 కుర్చీలతో మొదటి సంవత్సరం గడిపేసింది. తొలి మ్యాచ్‌లోనే క్రిస్ కాంటోస్ నాలుగు గోల్స్ కొట్టాడు. తర్వాతి ఏడాది పక్క ఊరు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బేస్‌బాల్ కోసం కట్టి, జట్టు రాక ఖాళీగా ఉన్న పెద్ద గుమ్మటం కిందికి మారింది. మంచును ఆ విశాలమైన నేలలో ఒక మూలకు సర్దారు. దూరపు కుర్చీల్లోవాళ్లకు పక్ కనపడటం కష్టమే. అయినా 1993 అక్టోబర్ 9న 27,227 మంది వచ్చారు. 1996 ఏప్రిల్‌లో ఒక మ్యాచ్‌కు 28,183. హాకీ అంటే ఏమిటో తెలియని ఎండ ఊరు అది. కుర్చీలు సరిగ్గా లేవని ఎవరూ ఆగలేదు. ఆ జట్టు తర్వాత 2004, 2020, 2021లో మూడుసార్లు స్టాన్లీ కప్ ఎత్తింది.

దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది న్యూయార్క్‌లో. 2012లో బ్రూక్లిన్‌లో తెరిచిన బార్‌క్లేస్ సెంటర్ కొత్తది, ఖరీదైనది, చలి నగరంలో ఉన్నది. కానీ బాస్కెట్‌బాల్ కోసం గీసిన నమూనా అది. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 94 అడుగులు, హాకీ రింక్ పొడవు దానికి రెండింతల పైన. 2015లో న్యూయార్క్ ఐలాండర్స్ అక్కడికి మారితే రింక్ ఒక పక్కకు ఒరిగింది. నడినెత్తిన వేలాడే స్కోరుబోర్డు మధ్యలో లేకుండా పోయింది. కొన్ని కుర్చీల నుంచి ఒక గోల్ కనపడదు. కింద గొట్టాలు ఉక్కువి కాకుండా ప్లాస్టిక్‌వి, అందుకే మంచు నాణ్యత మీద ఆటగాళ్లు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. 2021 నవంబర్లో ఆ జట్టు హాకీ కోసమే కట్టిన వేరే స్టేడియానికి మారిపోయింది.

టెక్సస్ ఎండలో ఒక్కరోజు ఆట బాగా సాగడానికి, న్యూయార్క్ చలిలో ఏళ్ల తరబడి ఆట ఇబ్బంది పడటానికి కారణం వాతావరణంలో వెతికితే దొరకదు. కాటన్ బౌల్ వాళ్లు ఈ చోటు మనది కాదన్న ఎరుకతో అడుగు నుంచి మొదలుపెట్టారు. మైదానం పలకల నుంచి మంచు పైపొర దాకా ప్రతిదీ కొత్తగా పేర్చి, రాత్రింబవళ్లు కాపలా కాశారు. బ్రూక్లిన్‌లో భవనం ముందు వచ్చింది, ఆటను అందులో ఇరికించారు. ఆటగాడి కాలు ఆనేది భవనానికి కాదు, నేలకు. నేల కుదిరితే కుర్చీలు దూరమైనా జనం వస్తారు. నేల కుదరకపోతే పాలరాతి మెట్లు కట్టినా ఆట నిలవదు.

మన దేశంలో మంచు దారి

మంచు విషయంలో మనకూ అమెరికాకూ పాత లావాదేవీ ఒకటుంది. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో అక్కడి చెరువుల్లో కోసిన మంచు దిమ్మలను రంపపు పొట్టులో చుట్టి కలకత్తాకు ఓడలో పంపాడు. ఆ తర్వాత మద్రాసుకూ వచ్చింది. దాన్ని దాచడానికి 1842లో సముద్రపు ఒడ్డున కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు బసచేసిన ఆ భవనాన్నే ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటున్నారు. తిరుపతి నుంచి చెన్నై వెళ్లినవాళ్లు మెరీనా మీద దాని ముందు నుంచే పోతుంటారు. యంత్రాలతో ఐసు చేయడం వచ్చాక ఆ వ్యాపారం ఆగిపోయింది.

ఐస్ హాకీ మన దేశంలో ఎక్కువగా ఎదిగింది లదాఖ్‌లో. లేహ్‌లో చలికి చెరువులు వాటంతటవే గడ్డకడతాయి. ఆ చెరువుల మీదే సైనికులు, ఊరి పిల్లలు ఆడుతూ వచ్చారు. వాటిని ఎవరూ ఆట కోసం తవ్వలేదు, నీటి కోసం తవ్వారు. అలా ఎదిగిన ఆడపిల్లలే ఎక్కువమంది ఉన్న భారత మహిళల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. ఆ పోటీలు జరిగింది ఎక్కడో తెలుసా? అరబ్ ఎమిరేట్స్ ఎడారిలోని అల్ ఐన్‌లో. హిమాలయాల్లో చెరువు మీద నేర్చుకున్న ఆటకు ఎడారిలో పతకం వచ్చింది.

తెలుగువాళ్లూ ఆ దారిలో ఉన్నారు. తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో ఐస్ స్కేటింగ్ స్వర్ణం సాధించింది. మంచు పడని రాష్ట్రం నుంచి వెళ్లి, ఏటా మంచు చూసే రాష్ట్రాల పిల్లలను దాటింది. ఆ వార్త మన పేపర్లలో క్రికెట్ స్కోర్ల కింద చిన్న ముక్కగా వచ్చి పోయింది. దానికి దక్కాల్సిన చోటు అది కాదు.

మరోవైపు డెహ్రాడూన్ ఉంది. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ హిమాద్రి అనే ఐస్ రింక్ కట్టారు. అచ్చంగా మంచు కోసమే కట్టినది. క్రీడలు ముగిశాక కరెంటు ఖర్చు, నిర్వహణ భరించలేక పదేళ్లకు పైగా అది మూతబడింది. బాగుచేసి 2025లో తెరిచారు, ఆ ఆగస్టులోనే ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ స్కేటింగ్ పోటీలు జరిగాయి. మధ్యలో పోయిన పదేళ్లలో ఒక తరం పిల్లలు పెద్దవాళ్లైపోయారు. మంచు కోసం కట్టని చోట్ల ఆట బతికింది, మంచు కోసం కట్టిన చోట ఆగింది. నాకు ఇది కోపం తెప్పించే విషయం.

తిరుపతికి ఏం కావాలి

తిరుపతిలో ఐస్ రింక్ కట్టాలని నేను అడగడం లేదు. కల్యాణి డ్యామ్ నీళ్ల కోసం, తెలుగుగంగ నీళ్ల కోసం ఎదురుచూసే ఊరు ఇది. ఒక్క రింకుకు పట్టే 75,000 లీటర్లు పెద్ద లెక్క కాకపోవచ్చు, కానీ నెలల తరబడి దాన్ని గడ్డకట్టించి ఉంచే కరెంటు ఖర్చు డెహ్రాడూన్‌కే మోయలేనంత అయింది. అయితే వేరే పనికి ఉన్న చోటును కొన్నాళ్లు ఆటకు మార్చే నేర్పు మనకు ఉంది. 2022 జనవరిలో నగరపాలక సంస్థ ఇందిరా మైదానంలో అఖిల భారత ఆహ్వాన కబడ్డీ పోటీలు జరిపింది. సభలకూ సాయంత్రపు నడకకూ వాడే మైదానం ఆ వారం కబడ్డీ స్టేడియం అయింది. మగవాళ్ల కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంత నేల సరిగ్గా అమర్చితే దేశం నలుమూలల నుంచి జట్లు వచ్చాయి.

హాకీకి మంచు లేని రూపాలు ఉన్నాయి. చక్రాల స్కేట్ల మీద ఆడే రోలర్ హాకీకి మన దేశంలో జాతీయ పోటీలున్నాయి. మంచు స్కేటింగ్‌లో రాణిస్తున్న భారతీయుల్లో చాలామంది తొలి అడుగు వేసింది చక్రాల మీదే. రోలర్ హాకీ రింక్ కొలత 40 మీటర్లు, 20 మీటర్లు. హ్యాండ్‌బాల్ కోర్టుదీ ఇదే కొలత. అంటే హ్యాండ్‌బాల్ ఆడించగలిగే ఇండోర్ హాలు ఏదైనా రోలర్ హాకీకి సరిపోతుంది. అదనంగా కావలసింది చుట్టూ మీటరు ఎత్తున చెక్క బోర్డులు, మూలలు గుండ్రంగా తిప్పి. నేల ఎక్కడా పగుళ్లు లేకుండా నున్నగా ఉండాలి, ఆటకు ముందు దుమ్ము తుడవాలి, బోర్డుల కీళ్లు ప్రతిరోజూ బిగించి చూడాలి.

ఆ బోర్డులను విడదీసేలా ముక్కలుగా చేయించడం ఇక్కడి వడ్రంగులకు, వెల్డింగ్ షాపులకు చేతనైన పనే. ఒకసారి చేయించి పెట్టుకుంటే డిసెంబరు సెలవుల్లో తిరుపతిలో వారం రోజులు పోటీలు జరపొచ్చు. తర్వాత అవే బోర్డులు లారీ ఎక్కి చిత్తూరుకు, అక్కడినుంచి మదనపల్లెకు వెళ్లొచ్చు. సాయంత్రాలు ఖాళీ రోడ్ల మీదా అపార్ట్‌మెంట్ సెల్లార్లలోనూ స్కేటింగ్ నేర్చుకుంటున్న పిల్లలు ఈ ఊళ్లలో ఇప్పటికే ఉన్నారు. వాళ్లకు నేర్పే కోచ్‌లూ ఉన్నారు. నగరపాలక సంస్థ, విశ్వవిద్యాలయాలు, జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ ఒక బల్ల దగ్గర కూర్చుని మొదట తేల్చాల్సింది ఒక్కటే: ఆ బోర్డులను ఏడాదంతా భద్రంగా ఉంచి, ఆ నేలను చూసుకునే ఉద్యోగి ఎవరు, ఆ జీతం ఏ పద్దు నుంచి.